కొండను చదివిన కుర్రాడు: డేవిడ్ జాన్‌స్టన్



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి, వాళ్ళబ్బాయి సైన్స్ నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టారు. చివరి పేజీల నిండా అగ్నిపర్వతాల బొమ్మలే. లావా ఎటు పారుతుంది, బూడిద ఎటు లేస్తుంది, అన్నీ బాణం గుర్తులు పెట్టి రాసి ఉన్నాయి. బాబు తొమ్మిదో తరగతి. మార్కులు బాగానే వస్తున్నాయి. ఇంట్లో అందరూ ఎంపీసీ, తర్వాత ఇంజినీరింగ్ అని అనుకుంటుంటే, వాడు మాత్రం జియాలజీ చదువుతానంటున్నాడట. రాళ్ళు చూసుకుంటూ తిరిగితే రేపు ఉద్యోగం ఏం వస్తుంది మేడమ్, పైగా ఆ కొండల్లో ఏమైనా అయితే ఎలా అని ఆయన అడిగారు.

నేను ఇంగ్లిష్ టీచర్‌ని. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. తెలుసుకుని చెబుతానని చెప్పి పంపించాను. ఇంటికి వెళ్ళాక చదవడం మొదలుపెడితే ఒక మనిషి జీవితం దగ్గర ఆగిపోయాను. ఆయన పేరు డేవిడ్ జాన్‌స్టన్. అమెరికాకు చెందిన అగ్నిపర్వత శాస్త్రవేత్త. 1980లో, 30 ఏళ్ళ వయసులో, ఒక అగ్నిపర్వతం ముందు డ్యూటీలో ఉండగా చనిపోయారు. ఆ తండ్రి అడిగిన రెండు ప్రశ్నలకూ ఈయన జీవితంలో జవాబు దొరుకుతుంది. అది అంత తేలికైన జవాబు కాదు. అందుకే ఈ నెల మీ అందరితో పంచుకుంటున్నాను.

అమ్మ పత్రిక, కొడుకు కెమెరా

డేవిడ్ జాన్‌స్టన్ 1949 డిసెంబర్ 18న షికాగోలో పుట్టాడు. పెరిగింది ఆ నగరం శివార్లలోని ఓక్ లాన్ అనే ఊళ్ళో. నాన్న ఇంజినీరు. అమ్మ ఒక స్థానిక పత్రికకు ఎడిటర్. ఒక అక్కో చెల్లో ఉన్న మామూలు మధ్యతరగతి కుటుంబం అనుకోండి. అమ్మ పత్రిక కోసం డేవిడ్ ఫోటోలు తీసిపెట్టేవాడు. స్కూల్ పత్రికకు వ్యాసాలు రాసేవాడు. ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడు ఏమవుతాడని ఎవరైనా అడిగితే మనం ఏం చెబుతాం? జర్నలిస్టు అవుతాడనే చెబుతాం. డేవిడ్ కూడా అలాగే అనుకున్నాడు. 1967లో హైస్కూల్ పూర్తి చేసి, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు అతని ఆలోచన జర్నలిజం చదవాలనే.

ఆ పరిసరాల్లో అగ్నిపర్వతాలు లేవు. కొండలు కూడా లేవు. షికాగో చుట్టుపక్కల అంతా చదునైన నేల. చిన్నప్పటి నుంచి అగ్నిపర్వతం చూస్తూ పెరిగి దాని మీద ఇష్టం పెంచుకున్న కథ కాదు ఇది.

ఒక పరిచయ క్లాసు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాదిలోనే మెయిన్ సబ్జెక్టుతో పాటు వేరే సబ్జెక్టుల పరిచయ క్లాసులు కూడా వినవచ్చు. డేవిడ్ అలా జియాలజీ పరిచయ క్లాసులో కూర్చున్నాడు. ఆ ఒక్క క్లాసు అతన్ని పట్టేసింది. జర్నలిజం వదిలేసి జియాలజీలోకి మారిపోయాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన ఇళ్ళల్లో ఇలా జరిగితే ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కట్టిన ఫీజు గుర్తొస్తుంది. బంధువులు ఏమంటారో గుర్తొస్తుంది. నేను డిగ్రీ తర్వాత బీఈడీ చేస్తానన్నప్పుడు మా ఇంట్లో కూడా వారం రోజులు ఇదే చర్చ. కాబట్టి మారడం తప్పు కాదని చెప్పి ఊరుకోవడం సరిపోదు. మారిన తర్వాత పిల్లవాడు ఏం చేశాడన్నది చూడాలి.

డేవిడ్ కష్టపడి చదివాడు. మొదటి ప్రాజెక్టు కోసం మిషిగన్ రాష్ట్రం ఉత్తర భాగానికి వెళ్ళాడు. అక్కడ కోట్ల ఏళ్ళ కిందటి రాళ్ళు బయటపడి ఉంటాయి. ఒకప్పుడు అక్కడ ఉండి, కాలక్రమంలో అరిగిపోయిన ఒక పురాతన అగ్నిపర్వతం వేళ్ళను అతను ఆ రాళ్ళలో చూశాడు. కొండ లేదు, నిప్పు లేదు, పొగ లేదు. ఉన్నది ఆకుపచ్చగా మారిన పాత లావా రాళ్ళు మాత్రమే. వాటిని చూసి అక్కడ ఏం జరిగి ఉంటుందో చెప్పగలగడమే ఆ చదువు. అగ్నిపర్వతాల మీద ఇష్టం అతనికి అక్కడే మొలకెత్తింది. 1971లో అత్యున్నత గౌరవాలతో డిగ్రీ పూర్తి చేశాడు.

ఎండలో చదివే చదువు

జియాలజీ చదివే పిల్లలకు క్లాస్‌రూమ్ సగమే. మిగతా సగం బయట ఉంటుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో వేసవిలో కొన్ని వారాల పాటు ఫీల్డ్ క్యాంపు ఉంటుంది. పొద్దున్నే సుత్తి, దిక్సూచి, చిన్న భూతద్దం, నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరతారు. రాయి పగలగొట్టి చూస్తారు. పొర ఎటు వాలి ఉందో కొలుస్తారు. ఏది ముందు వచ్చింది, ఏది దాని మీద పడింది అని రాసుకుంటారు. సాయంత్రం క్యాంపులో కూర్చుని ఆ రోజు చూసినదంతా మ్యాపు మీద పెడతారు. పుస్తకంలో ఒక పేజీలో ఉన్న విషయం కొండ మీద నాలుగు రోజులు తిరిగితే గానీ అర్థం కాదు.

డిగ్రీ అయిన వేసవిలో డేవిడ్ కొలరాడోలోని సాన్ హ్వాన్ పర్వతాలకు వెళ్ళి, పీట్ లిప్‌మన్ అనే పేరున్న అగ్నిపర్వత శాస్త్రవేత్త దగ్గర పనిచేశాడు. అక్కడ రెండు పాత కాల్డెరాలు ఉన్నాయి. అగ్నిపర్వతం లోపలి మాగ్మా ఒక్కసారిగా బయటికి వచ్చేస్తే పైన ఉన్న నేల కుంగిపోయి పెద్ద గుంత ఏర్పడుతుంది. దాన్నే కాల్డెరా అంటారు. ఆ పని చూశాక డేవిడ్ సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పై చదువులకు చేరి, అదే పర్వతాల్లోని సిమరాన్ అనే ఆరిపోయిన అగ్నిపర్వతాన్ని తన పరిశోధనకు తీసుకున్నాడు.

ఆరిపోయిన కొండల మీద అన్నేళ్ళు గడపడం చూస్తే మనకు వృథా అనిపించవచ్చు. కానీ ఒక కొండ గతంలో ఎలా పేలిందో రాళ్ళను బట్టి చెప్పగలిగితేనే, ఇప్పుడు పొగలు కక్కుతున్న కొండ రేపు ఏం చేస్తుందో ఊహించగలం. మన పిల్లలు బోర్డు పరీక్షకు ముందు పాత ప్రశ్నపత్రాలు చేస్తారు కదా, అలాంటిదే.

నిప్పున్న కొండ

1975లో డేవిడ్ మొదటిసారి సజీవమైన అగ్నిపర్వతం మీద పనిచేశాడు. అలాస్కాలో సముద్రం మధ్య ఒక దీవిగా ఉన్న ఆగస్టీన్ పర్వతం అది. మరుసటి ఏడాది, 1976లో, ఆ కొండ పేలింది. డేవిడ్ వెంటనే అలాస్కాకు తిరిగి వెళ్ళాడు. సిమరాన్ మీద అప్పటిదాకా చేసిన పనిని మాస్టర్స్ డిగ్రీకి ఇచ్చేసి, పీహెచ్‌డీకి ఆగస్టీన్‌ను తీసుకున్నాడు. ఇది రెండో మలుపు. ఈసారి కూడా చేసిన పని ఏదీ పారేయలేదన్నది గమనించండి. పాత పని పాత డిగ్రీకి పనికొచ్చింది, ఆ నైపుణ్యం కొత్త పనికి పనికొచ్చింది.

1978లో పీహెచ్‌డీ వచ్చింది. ఆయన ముఖ్యంగా పట్టించుకున్న విషయం వాయువులు. కొంచెం వివరంగా చెబుతాను, ఇంట్లో పిల్లలకు మీరు చెప్పడానికి పనికొస్తుంది. గోలీ సోడా చూశాం కదా. సీసా మూసి ఉన్నంతసేపు నీళ్ళు మామూలుగానే కనిపిస్తాయి. గోలీ నొక్కగానే బుస్సున పొంగుతుంది. గ్యాస్ అప్పుడే పుట్టలేదు, ముందు నుంచీ నీళ్ళలో కరిగే ఉంది. పైన ఒత్తిడి తగ్గగానే బుడగలై బయటికి వచ్చింది. మాగ్మా కూడా అంతే. భూమి లోపల కరిగిన రాతిలో నీటి ఆవిరి, గంధకం, క్లోరిన్ లాంటివి కరిగి ఉంటాయి. ఒత్తిడి తగ్గితే అవే కొండను బద్దలు కొడతాయి. మాగ్మా గట్టిపడేటప్పుడు అందులోని స్ఫటికాల లోపల గాజు లాంటి చిన్న బిందువులు చిక్కుకుంటాయి. ఆ బిందువులను పరీక్షిస్తే పేలకముందు లోపల ఎంత గ్యాస్ ఉండేదో తెలుస్తుంది. జాన్‌స్టన్ ఈ పద్ధతుల్లో ఆరితేరారు.

అదే ఏడాది ఆయన అమెరికా జియలాజికల్ సర్వేలో ఉద్యోగంలో చేరారు. మన దగ్గరి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా లాంటి ప్రభుత్వ సంస్థ అది. 1978, 1979 వేసవుల్లో అలాస్కాలోని పది వేల పొగల లోయలో పనిచేశారు. ఆ లోయ 1912లో జరిగిన పేలుడు బూడిదతో నిండినది. 20వ శతాబ్దంలో ప్రపంచంలోనే అతిపెద్ద విస్ఫోటనం అది.

123 ఏళ్ళ తర్వాత లేచిన కొండ

ఇప్పుడు అలాస్కా నుంచి కిందికి, వాషింగ్టన్ రాష్ట్రానికి వద్దాం. జాన్‌స్టన్ పై చదువులు చదివిన రాష్ట్రమే. అక్కడ సెయింట్ హెలెన్స్ అనే అగ్నిపర్వతం ఉంది. మంచు కప్పుకున్న అందమైన కొండ, దాని పాదాల దగ్గర స్పిరిట్ లేక్ అనే సరస్సు, చుట్టూ అడవి. ఎండాకాలం సెలవుల్లో కుటుంబాలు క్యాంపింగ్‌కు వెళ్ళే చోటు. 1857 నుంచి నిశ్శబ్దంగా ఉంది. ఈ శతాబ్దం ముగిసేలోపే ఇది పేలవచ్చని ఇద్దరు శాస్త్రవేత్తలు 1978లో ఒక నివేదికలో రాశారు. మామూలు జనం మాత్రం అది మళ్ళీ లేస్తుందని అనుకోలేదు.

1980 మార్చి 20న కొండ కింద 4.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ తర్వాత చిన్న చిన్నవి వరసగా వస్తూనే ఉన్నాయి. మార్చి 27న శిఖరం మీద ఆవిరి పేలుడు జరిగి కొత్త గొయ్యి ఏర్పడింది. కొండ దగ్గరికి మొదట చేరుకున్న శాస్త్రవేత్తల్లో జాన్‌స్టన్ ఒకరు. గ్యాస్ పరిశీలన బాధ్యత ఆయనకు అప్పగించారు. విలేకరులు గుంపులుగా వచ్చేసరికి వాళ్ళకు పరిస్థితి వివరించే పని కూడా ఆయన మీద పడింది. ఒకప్పుడు అమ్మ పత్రికకు ఫోటోలు తీసిన కుర్రాడు ఇప్పుడు టీవీ కెమెరాల ముందు నిలబడి, ఈ కొండ ఎంత ప్రమాదకరమో జనానికి అర్థమయ్యే మాటల్లో చెప్పాడు. ఏది నేర్చుకున్నా ఎక్కడో ఒకచోట అక్కరకొస్తుందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఏప్రిల్ వచ్చేసరికి ఇంకో వింత కనిపించింది. కొండ ఉత్తరం వైపు ఉబ్బడం మొదలైంది. లోపలికి ఎక్కుతున్న మాగ్మా కొండను పక్కకు నెడుతోంది. ఎంత వేగంగా అంటే రోజుకు సుమారు 5 అడుగులు. ఒక కొండ రోజూ మనిషి ఎత్తు అంత ముందుకు జరుగుతుంటే ఎలా ఉంటుందో ఊహించండి. పేలితే ఈ ఉబ్బు వైపు నుంచి, పక్కకు పేలవచ్చని గట్టిగా భావించిన కొద్దిమందిలో జాన్‌స్టన్ ఉన్నారు.

దారి మూయడం

శాస్త్రవేత్తల సలహాతో అధికారులు కొండ చుట్టూ దారులు మూసేశారు. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ అక్కడ ఇళ్ళున్నవాళ్ళు, కలప కంపెనీలు, దుకాణాలవాళ్ళు, చూడాలని ఆశపడే టూరిస్టులు అందరూ తెరవమని ఒత్తిడి చేశారు. వారాలు గడుస్తున్నాయి, కొండ పేలడం లేదు. శాస్త్రవేత్తలు అనవసరంగా భయపెడుతున్నారని మాటలు వచ్చాయి. స్పిరిట్ లేక్ దగ్గర లాడ్జి నడిపే 83 ఏళ్ళ హ్యారీ ట్రూమన్ ఎంతమంది చెప్పినా కదలనన్నారు. పేపర్లలో ఆయన హీరో అయిపోయారు.

అంత ఒత్తిడిలోనూ జాన్‌స్టన్, ఆయన తోటి శాస్త్రవేత్తలు వెనక్కి తగ్గలేదు. ఎప్పుడు పేలుతుందో తేదీ చెప్పలేమని ఒప్పుకుంటూనే, దారి మూసి ఉంచాల్సిందేనని నిలబడ్డారు. తెలిసినంత తెలుసని, తెలియనిది తెలియదని చెప్పడం ఎంత కష్టమో టీచర్‌గా నాకు తెలుసు. క్లాసులో ఒక పిల్లవాడు ప్రశ్న అడిగితే తెలియదని ఒప్పుకోవడానికే మాకు నోరు రాదు.

ఒక్క రాత్రి డ్యూటీ

కొండకు ఉత్తరం వైపు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, ఎదురుగా ఉన్న ఒక గట్టు మీద కోల్డ్‌వాటర్ 2 అనే పరిశీలన కేంద్రం పెట్టారు. కేంద్రం అంటే ఒక ట్రెయిలర్ బండి, కొన్ని పరికరాలు, ఒక రేడియో. అక్కడి నుంచి లేజర్‌తో కొండ మీది గురుతులకు దూరం కొలిచి, ఉబ్బు ఎంత పెరిగిందో రోజూ చెప్పాలి. అంత దూరం ఉంటే చాలావరకు సురక్షితమనే అందరూ అనుకున్నారు.

అక్కడ అప్పటిదాకా ఉన్నది హ్యారీ గ్లికెన్ అనే విద్యార్థి. వయసు 22. పీజీ చదువుతూ ఈ పనికి వచ్చాడు. రెండు వారాలకు పైగా ఆ ట్రెయిలర్‌లోనే ఉండి కొలతలు తీశాడు. తన ప్రొఫెసర్‌ను కలవాల్సి ఉండటంతో మే 17 సాయంత్రం బయల్దేరాల్సి వచ్చింది. ఆ ఒక్క రాత్రికి ఆ స్థానంలోకి జాన్‌స్టన్ వచ్చారు.

అదే రోజు ఇద్దరు యువ పరిశోధకులు అక్కడికి వచ్చారు. కొండ మీది హిమానీనదాలను అధ్యయనం చేసేవాళ్ళు. రాత్రికి ఆ గట్టు మీదే క్యాంపు వేయాలనుకున్నారు. అక్కడ ఎంత తక్కువమంది ఉంటే అంత మంచిదని చెప్పి జాన్‌స్టన్ వాళ్ళను వెనక్కి పంపించేశారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తుండిపోయిన సంగతి ఇదే. తనకు డ్యూటీ ఉంది, ఉండాలి. వాళ్ళకు లేదు, వెళ్ళిపోవాలి. అంతే లెక్క.

మే 18, ఆదివారం. ఉదయం 7 గంటలకు కాస్త ముందు జాన్‌స్టన్ లేజర్ కొలతలు రేడియోలో పంపారు. వాటిలో కొత్తగా ఏమీ లేదు. అంతకుముందు నెల రోజులుగా ఎలా ఉందో అలాగే ఉంది. 8 గంటల 32 నిమిషాలకు 5.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఉబ్బిన ఉత్తరం వైపు మొత్తం ఒక్కసారిగా జారిపోయింది. మనిషి నమోదు చేసిన చరిత్రలో అంత పెద్ద కొండచరియ మరొకటి లేదు. పైన మోత తీసేసరికి లోపలి మాగ్మాలోని గ్యాస్ సోడా సీసా మూత తీసినట్టు పక్కకు బద్దలైంది. వేడి గాలి, బూడిద, రాళ్ళు గంటకు వందల కిలోమీటర్ల వేగంతో గట్టు వైపు దూసుకొచ్చాయి.

ఆ కొద్ది క్షణాల్లో జాన్‌స్టన్ చేసిన పని రేడియో అందుకోవడం. వాంకూవర్ పట్టణంలోని తమ కార్యాలయాన్ని పిలిచి, పేలుడు మొదలైందని చెప్పారు. ఆ మాట ఆఫీసుకు చేరలేదు, ఒక హామ్ రేడియో ఆపరేటర్ చెవిన పడింది. ఇంకా ఉత్తరంగా ఉన్న మరో హామ్ రేడియో వలంటీరు, జాన్‌స్టన్ ఉన్న గట్టును పేలుడు కప్పేయడం చూసి రేడియోలో చెప్పారు. కాసేపటికి అది ఆయన్నూ చేరింది. జాన్‌స్టన్ శరీరం దొరకలేదు. ఆ ట్రెయిలర్ ముక్కలు 13 ఏళ్ళ తర్వాత, 1993లో, రోడ్డు వేసే కూలీలకు కనిపించాయి.

57, మరి వేలమంది

ఆ రోజు 57 మంది చనిపోయారు. హ్యారీ ట్రూమన్ కూడా వారిలో ఉన్నారు. చాలామంది మూసిన ప్రాంతానికి బయట ఉన్నవాళ్ళే. అంటే శాస్త్రవేత్తలు అనుకున్న దానికంటే పేలుడు ఎక్కువ దూరం వెళ్ళింది. సుమారు 600 చదరపు కిలోమీటర్ల అడవి నేలమట్టమైంది. కొండ ఎత్తు 400 మీటర్లు తగ్గింది. అంత జరిగినా మృతుల సంఖ్య 57 దగ్గర ఆగడానికి కారణం దారులు మూసి ఉండటం. తెరిచి ఉంటే ఎండాకాలం ఆదివారం ఆ సరస్సు చుట్టూ ఎంతమంది ఉండేవారో మీరే ఊహించండి. జాన్‌స్టన్, ఆయన సహచరుల పని వేలమంది ప్రాణాలు కాపాడిందని చెబుతారు.

కొడుకు పోయిన తర్వాత ఆ తల్లిదండ్రులు, తాను నిజంగా కోరుకున్న పని చేసే అదృష్టం తమ కొడుక్కి దక్కిందన్న అర్థంలో మాట్లాడారు. ఒక తల్లి నోట ఆ మాట రావడం వెనక ఎంత బాధ ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

హ్యారీ గ్లికెన్ తన గురువు లాంటి సహచరుడి కోసం హెలికాప్టర్‌లో వెతికాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ కొండచరియ మీదే పరిశోధన చేశాడు. ఒక కొండ పక్క భాగం మొత్తం జారిపోతే ఎలాంటి గుట్టలు, ఎలాంటి నేల మిగులుతాయో ఆ పని వల్ల ప్రపంచానికి అర్థమైంది. ఆ గుర్తులు పట్టుకుని వేరే దేశాల్లో కూడా ఎన్నో కొండల గతాన్ని చదివారు. గ్లికెన్ 1991 జూన్‌లో జపాన్‌లోని ఉన్జెన్ పర్వతం మీద పనిచేస్తూ మరణించాడు.

1985లో కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ పేలినప్పుడు 23 వేలమందికి పైగా చనిపోయారు. శాస్త్రవేత్తల హెచ్చరిక ఉంది, జనాన్ని సమయానికి కదిలించలేకపోయారు. ఆ విషాదం తర్వాత, 1986లో, అమెరికా జియలాజికల్ సర్వే ఇతర దేశాలకు సాయపడే ఒక ప్రత్యేక బృందాన్ని ఏర్పాటు చేసింది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో లేచినప్పుడు ఆ బృందం అక్కడి శాస్త్రవేత్తలతో కలిసి పనిచేసింది. మే నెలలో రెండు వారాల్లోనే గంధకపు వాయువు పది రెట్లు పెరగడాన్ని కొలిచారు. జాన్‌స్టన్ జీవితమంతా నమ్మిన విషయం అదే: గ్యాస్‌ను గమనిస్తే కొండ మనసు తెలుస్తుంది. వేలాదిమందిని ముందే ఖాళీ చేయించారు. కనీసం 5 వేల ప్రాణాలు దక్కాయని అంచనా.

ఆయన నిలబడిన గట్టుకు ఇప్పుడు జాన్‌స్టన్ పేరే ఉంది. అక్కడ 1997లో సందర్శకుల కేంద్రం తెరిచారు. వాంకూవర్‌లోని అగ్నిపర్వత పరిశోధన కేంద్రానికీ, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకిచ్చే ఒక ఫెలోషిప్‌కూ ఆయన పేరే పెట్టారు.

ఇక మన సంగతి

ఆ తండ్రి అడిగిన మొదటి ప్రశ్న, ఉద్యోగం ఏం వస్తుందని. జవాబు మనకు దగ్గరలోనే ఉంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. దేశం నలుమూలల నుంచి ఎంపికైన జియాలజిస్టులు అక్కడ శిక్షణ పొందుతారు. వాళ్ళను ఎంపిక చేసే పరీక్ష యూపీఎస్సీ నిర్వహిస్తుంది. భూకంపాల మీద పనిచేసే ఎన్‌జీఆర్‌ఐ, సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ రెండూ హైదరాబాద్‌లోనే. బొగ్గుకు సింగరేణి, చమురు, గ్యాస్‌లకు రాజమండ్రిలో ఓఎన్‌జీసీ ఉన్నాయి. ఉస్మానియా, ఆంధ్రా విశ్వవిద్యాలయాల్లో జియాలజీ విభాగాలున్నాయి.

రెండో ప్రశ్న, ఏమైనా అయితే ఎలా అని. దీనికి నేను అబద్ధం చెప్పను. చాలామంది జియాలజిస్టులు అగ్నిపర్వతం దగ్గరికి వెళ్ళనే వెళ్ళరు, ల్యాబ్‌లో, గనుల్లో, ఆఫీసుల్లో పనిచేస్తారు. కానీ కొన్ని పనుల్లో ప్రమాదం ఉంటుంది. ఆర్మీలో, ఫైర్ సర్వీసులో ఉన్నట్టే. జాన్‌స్టన్ సాహసం కోసం అక్కడ లేరు. ప్రమాదాన్ని కొలిచి, ఇతరులను దూరంగా ఉంచడానికి ఉన్నారు. మన పిల్లలు ఏ రంగంలోకి వెళ్ళినా నేర్చుకోవాల్సింది ఆ జాగ్రత్తే. ప్రమాదం ఎక్కడుందో తెలుసుకోవడం, తెలిసింది దాచకుండా చెప్పడం, అవసరం లేనివాళ్ళను ఆ దరిదాపులకు రానివ్వకపోవడం.

ఆ బాబు వాళ్ళ నాన్నకు నేను ఫోన్ చేసి చెప్పింది కూడా ఇంతే. ఎంపీసీ చేర్పించండి, తప్పు లేదు, జియాలజీకి లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం అన్నీ కావాలి. కానీ ఆ నోట్‌బుక్ వెనక పేజీలు మాత్రం చింపేయకండి. ఆయన నవ్వి, ఇంకో నోట్‌బుక్ కొనిచ్చానని చెప్పారు.

ఈ సెలవుల్లో పిల్లలతో చేయండి

1. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు వెళితే నల్లరేగడి నేల, నల్లటి రాళ్ళు చూపించండి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కను పీఠభూమి మీద పారిన లావా నుంచి వచ్చినవి అవి. రాజమండ్రి దగ్గర కాతేరు, గోదావరి అవతల పంగిడి ప్రాంతాల్లోనూ అలాంటి లావా రాళ్ళే ఉన్నాయి. పనులు జరుగుతున్న క్వారీలోకి మాత్రం పిల్లలను తీసుకెళ్ళకండి.

2. అట్లాస్‌లో అండమాన్ దీవుల దగ్గర బారెన్ ఐలాండ్ ఎక్కడుందో వెతికించండి. మన దేశంలో సజీవంగా ఉన్న అగ్నిపర్వతం అదే.

3. ఒక సోడా బాటిల్ మూత నెమ్మదిగా ఒకసారి, త్వరగా ఒకసారి తీయించండి. తేడా ఎందుకు వచ్చిందో పిల్లలనే చెప్పమనండి. మీరు ముందే చెప్పేయకండి.

4. ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చి, ఊరెళ్ళినప్పుడు చూసిన రాయి, నేల రంగు, వాగు దిశ రాయమనండి. మార్కులు వేయకండి. రాసింది మీకు చదివి వినిపించమనండి, అది చాలు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ప్రోగ్రెస్ కార్డుతో పాటు మీ పిల్లల ఆ నోట్‌బుక్ కూడా తీసుకురండి. ముందు అదే చూద్దాం.